ఎన్‌బీలెన్ని ఉన్నాయి? బిష్కెక్‌లో ఎంబీబీఎస్, నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా నుంచి ఎంబీబీఎస్‌కు విదేశం వెళ్లిన పిల్లలకు ఇంటి నుంచి ఫోను వస్తే మొదటి మాట "తిన్నావేటి?" అనే. జవాబు "తిన్నానమ్మా". తినకపోయినా అదే జవాబు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది గానీ పిల్లవాడు ఎలా ఉన్నాడో దానివల్ల తెలియదు. తెలియాలంటే ఇంకొకటి అడగాలి: "ఎన్‌బీలెన్ని ఉన్నాయి?"

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఆరేళ్లు చదివి, ఎఫ్‌ఎంజీఈ (విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ రాయవలసిన అర్హత పరీక్ష) గట్టెక్కి, ఇక్కడ ఇంటర్న్‌షిప్ పూర్తి చేసుకున్న దారి నాది. ఆ దారిలో ఎక్కడ కాలు జారుతుందో, ఎందుకు జారుతుందో తెలిసినంత వరకు రాస్తున్నాను. రష్యా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వెళ్లేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. పాత సోవియట్ చదువు పద్ధతి అక్కడంతా ఇంచుమించు ఒకటే.

ఎన్‌బీ అంటే క్లాసుకు రానివాడి పేరుకెదురుగా టీచరు వేసే రెండు రష్యన్ అక్షరాలు. "నే బిల్", అంటే రాలేదు అన్న మాటకు పొట్టి రూపం. మన కాలేజీల్లో లాగా ఏడాది చివర్లో 75 శాతం ఉందా లేదా అని చూసే లెక్క కాదిది. పోయిన ప్రతి క్లాసూ ఒక బాకీ. ఆ పాఠం చదువుకుని, ఆ టీచరు చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లి అప్పజెప్పాలి. దాన్నే ఒత్రబోత్కా అంటారు. కొన్నిచోట్ల దానికి రుసుము కూడా ఉంటుంది. బాకీలు తీరితే తప్ప సెషన్ పరీక్షకు, అంటే సెమిస్టరు చివరి పరీక్షకు, కూర్చోనివ్వరు.

ఇది మనసు ఆరోగ్యానికి ఎలా ముడిపడుతుందో చూడండి. డిసెంబరు చివర్లో శ్రీకాకుళంలో ఆరున్నర కాకముందే తెల్లారిపోతుంది. బిష్కెక్‌లో సూర్యుడు వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఎనిమిది గంటల క్లాసుకు చీకట్లోనే బయల్దేరాలి. రాత్రి రెండు దాకా ఫోను చూసిన పిల్లవాడికి ఆ చీకట్లో మెలకువ రాదు. ఒక క్లాసు పోయింది, ఒక ఎన్‌బీ. వారానికి నాలుగు చొప్పున మూడు వారాలకు పన్నెండు. ఒక్కో టీచరు ఒత్రబోత్కా తీసుకునేది వారానికి ఒకరోజో, రెండు రోజులో. నెలన్నర తిరిగితే గానీ ఆ పన్నెండూ తీరవు. ఈలోపు కొత్త పాఠాలు, కొత్త బాకీలు. ఇక టీచరు ముఖం చూడాలంటే సిగ్గు. సిగ్గుతో ఆ సబ్జెక్టు క్లాసుకు వెళ్లడమే మానేస్తాడు. బయటి నుంచి చూసేవాళ్లకు బద్ధకం అనిపిస్తుంది. నిజానికి అప్పటికే నిద్ర చెదిరి, తిండి తగ్గి, గది దాటి రావడం మానేసి ఉంటాడు.

అందుకే ఎన్‌బీల లెక్కే నాకు అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు. ఏడుపు, కోపం, బరువు తగ్గడం తర్వాత వస్తాయి. నేను చెప్పే హద్దులివి. మూడు దాటితే గదిలోవాళ్లకు చెప్పాలి, పొద్దున్న లేపే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఆరు దాటితే కురాతర్ దగ్గరికి, అంటే గ్రూపును చూసుకునే టీచరు దగ్గరికి, తనంతట తానే వెళ్లాలి. పిలిపించుకుని వెళితే మాట వేరేగా ఉంటుంది. పది దాటితే ఇంట్లో తెలియాలి. తీర్చేటప్పుడు పాతవాటి నుంచి మొదలుపెట్టకూడదు. ముందు కొత్తది పడకుండా ఆపి, తర్వాత కఠినంగా ఉండే టీచరు దగ్గర ఉన్నవి తీర్చుకోవాలి. మెతకగా ఉండేవాళ్లు సెషన్ ముందు వారంలోనైనా వింటారు.

వెళ్లకముందు ఇక్కడ చేయించుకోవలసిన పరీక్షల సంగతి. ఏజెంట్లు అడిగేది హెచ్‌ఐవీ రిపోర్టు, ఒక ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అవి వీసా కోసం. పిల్లవాడి కోసం చేయించవలసినవి వేరే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ అందరికీ. ఉద్దానం వైపు పిల్లలకు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలవాళ్లకు, సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ తప్పనిసరిగా చూడాలి. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. చలిలో ఒళ్లు నొప్పులు, తలనొప్పి ఎక్కువ. హాస్టల్లో ప్రతి గదిలోనూ డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఉంటాయి, చాక్లెట్లలా పంచుకుంటారు. కిడ్నీ కొంచెం దెబ్బతిని ఉన్నవాడికి ఆ మాత్రలే పెద్ద ప్రమాదం. నొప్పికి పారాసిటమాల్ దాటి వెళ్లొద్దని రాసిచ్చి పంపాలి. చలికాలంలో దాహం వేయదు కాబట్టి సీసా లెక్కపెట్టుకుని నీళ్లు తాగాలి.

సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ పిల్లలకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు పరీక్ష. సాల్యుబిలిటీ పరీక్షలో పాజిటివ్ వస్తే అక్కడితో ఆగకుండా హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేయించాలి. జబ్బు ఉందా, జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే మోస్తున్నాడా అన్నది అందులో తేలుతుంది. జబ్బు ఉన్నవాళ్లకు చలి, ఒంట్లో నీరు తగ్గడం రెండూ నొప్పి దాడులను తెచ్చిపెడతాయి. అలాంటి బిడ్డను మైనస్ పది డిగ్రీల ఊరికి పంపాలా వద్దా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన మాట. వెచ్చని దేశాలూ ఉన్నాయి. జన్యువు మాత్రమే మోసేవాళ్లు వెళ్లొచ్చు. కానీ ఎత్తైన కొండలెక్కే ట్రెక్కింగుల దగ్గర ఆ సంగతి దాచకూడదు.

హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. వెళ్లడానికి నెలే ఉంటే రెండు ఇక్కడ వేయించి, మూడోది సెలవులకు వచ్చినప్పుడు వేయించొచ్చు. ఆలస్యమైనంత మాత్రాన మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు. పళ్లు చూపించాలి, కళ్లద్దాలు రెండు జతలు ఉండాలి.

రోజూ మందులు వాడే పిల్లలుంటే చీటీ మీద బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు చాలా దేశాల్లో మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. పక్కింటి పెద్దాయన ఇచ్చాడని ఒక్క స్ట్రిప్పు కూడా పెట్టెలో వేయకండి.

విటమిన్ డీ దగ్గర జరిగే తప్పు ఒకటుంది. బిష్కెక్ దాదాపు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మనం 18 దగ్గర. అక్కడ చలికాలపు ఎండకు చర్మంలో విటమిన్ డీ తయారయ్యే బలం చాలదు. పైగా ఒళ్లంతా బట్టలే. కాబట్టి మాత్ర అవసరం కావచ్చు. ఇంటి నుంచి తీసుకెళ్లే 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలు. దాన్ని రోజుకొకటి వేసుకునేవాళ్లుంటారు. నెలా రెండు నెలల్లో రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మగత. డిప్రెషన్ అనుకుని బెంగపడితే అసలు కారణం ఆ డబ్బాలో ఉంటుంది.

వెలుతురు మాత్రం మాత్రల్లో దొరకదు. మధ్యాహ్నం క్లాసుల మధ్య ఇరవై నిమిషాలు, మబ్బుగా ఉన్నా సరే, బయట నడవాలి. నిద్ర గడియారం సరిపడేది దానితోనే. ఒక్క జాగ్రత్త: బొగ్గు పొగతో బిష్కెక్ చలికాలపు గాలి బాగా చెడిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్హేలర్ జేబులో పెట్టుకుని, పొగ దట్టంగా ఉన్నరోజు మాస్కు కట్టుకోవాలి.

చలికోటు, బూట్లు విశాఖలో కొనకండి. ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆనవు. మొదటి వారానికి సరిపడా ఒక స్వెటర్, రెండు జతల థర్మల్స్ చాలు. మిగతావి అక్కడ దొర్దోయ్ బజారులో సీనియర్‌ను వెంటబెట్టుకుని కొనాలి. బూటు ఒక సైజు పెద్దది, లోపల ఉన్ని సాక్సుకు చోటుండేలా. మంచు గడ్డకట్టిన దారిలో జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచేవాడు పడితే ముఖం పగులుతుంది. మడమ ముందు మోపకుండా పాదమంతా ఒకేసారి ఆనిస్తూ, చిన్న అడుగులు వేయాలి.

గది లోపల ఇంకో రకం బాధ. గోడకుండే ఇనుప రేడియేటర్ రాత్రంతా కాగుతుంది, గాలి ఎండిపోతుంది. మొదటి నెలలో ముక్కులోంచి రక్తం, పెదాలు పగలడం, ఒళ్లంతా దురద. రేడియేటర్ పక్కన వెడల్పాటి గిన్నెతో నీళ్లు పెట్టి, పడుకునేముందు ముక్కు లోపల ఒక చుక్క కొబ్బరినూనె రాసుకుంటే చాలావరకు తగ్గుతుంది.

అదే రేడియేటర్‌తో ఒక మేలు ఉంది. పెరుగు లేని అన్నం మనవాళ్లకు అన్నంలా ఉండదు. అక్కడ దొరికే కెఫీర్, ఐరాన్ పులుపు వేరు. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి గది మూల పెడితే ఆ చలికి మర్నాటికీ తోడుకోదు. తోడు పాడైందనుకుని పారబోస్తారు. గిన్నెకు మూతపెట్టి, మందపాటి తువ్వాలు రెండు చుట్లు చుట్టి, రేడియేటర్‌కు జానెడు దూరంలో కుర్చీ మీద పెట్టండి. ఆరేడు గంటల్లో గడ్డపెరుగు. తువ్వాలు లేకుండా నేరుగా దాని మీద పెడితే మాత్రం విరిగి నీళ్లు తేలుతుంది. చిన్న పనే. కానీ నలుగురు కలిసి వండుకుని పెరుగన్నం తిన్న గదిలో ఎవరూ ఒంటరిగా తలుపేసుకుని పడుకోరు. తిండిలో నేను చూసే పోషకం సగం అదే.

నలుగురు కలిసి వండుకుంటే నెలకు పాతిక కేజీల బియ్యం సరిపోతుంది. వంట వంతులు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. లేకపోతే మూడో వారానికి గొడవ. ఎర్ర కందిపప్పు, శనగలు, గుడ్లు అక్కడే దొరుకుతాయి. ఇంటి నుంచి పంపితే చోడిపిండి (రాగిపిండి) పంపండి, కందిపొడి పంపండి. పొద్దున్న క్లాసుకు ముందు ఒక గ్లాసు చోడి జావ అయిదు నిమిషాల పని. ఖాళీ కడుపుతో వెళ్లి అనాటమీ హాల్లో కళ్లు తిరిగి పడేవాళ్లను తగ్గించేది అదే.

రెండో ఏడాది దాటేవరకు భాష గురించి ఎవరూ పట్టించుకోరు. పాఠం ఇంగ్లీషులోనే, గదిలో తెలుగే. మూడో ఏడాది ఆస్పత్రి వార్డులోకి వెళ్లాక రోగి మాట్లాడేది రష్యనో కిర్గిజో. భాష రానివాడు మంచం చుట్టూ నిలబడిన గుంపులో వెనక వరుసకు జరుగుతాడు, ఆ ఏడాదంతా అక్కడే ఉండిపోతాడు. తాను డాక్టరు కాలేనన్న దిగులు అక్కడే మొదలవుతుంది. ఇది నిజంగా నివారించదగ్గ దిగులు. "గ్ద్యే బలీత్?" (ఎక్కడ నొప్పి?), "కగ్దా నచలోస్?" (ఎప్పుడు మొదలైంది?) లాంటి ముప్పై ప్రశ్నలు, వాటికి వచ్చే జవాబులు రెండో ఏడాది సెలవుల్లోనే నోటికి రావాలి. వార్డులో ఒక్క ముసలావిడ నవ్వి జవాబు చెబితే చాలు, మర్నాడు ఆ పిల్ల ముందు వరుసలో ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు కొన్ని మాటలు. బిష్కెక్ మనకంటే అరగంట ముందుంటుంది, కాబట్టి వేళ కుదరలేదన్న ఇబ్బంది లేదు. రోజుకు అయిదుసార్లు రెండేసి నిమిషాలు కాకుండా, వారంలో ఒకరోజు కుదురుగా ముప్పావుగంట మాట్లాడండి. పొలం తాకట్టు, బంగారం లోను ప్రతి ఫోనులోనూ తేవద్దు. పిల్లలకు తెలుసు. తెలిసే నిద్ర పట్టక దొర్లుతున్నారు. "ఈ వారం ఎవరితో కలిసి తిన్నావు?" అని అడగండి. "ఒక్కడినే" అన్న జవాబు రెండు వారాలు వరసగా వస్తే పట్టించుకోండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో తాతో, అమ్మమ్మో పోతే పరీక్షలున్నాయని దాచకండి. పెద్దకర్మ ఫొటో ఎవరో బంధువు వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. ఆ పిల్ల హాస్టల్ మెట్ల మీద నిలబడి అది చూస్తుంది. చావు దుఃఖం ఒకటి, తనను పరాయిదాన్ని చేశారన్న దుఃఖం ఇంకొకటి. తర్వాత మీరు "అంతా బాగున్నాం" అన్నా నమ్మదు, తన సంగతీ మీకు చెప్పదు. ముందుగా గదిలో ఉన్న స్నేహితురాలికి ఫోను చేసి, ఆమె పక్కన ఉండగా అమ్మో నాన్నో స్వయంగా చెప్పాలి. రాగలిగితే రమ్మనాలి, రాలేకపోతే వీడియోలో చూపించాలి.

బయటి ప్రమాదాలు రెండు. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరి మూకలు పడ్డాయి, గదులు దాటి రావద్దని మన ఎంబసీ చెప్పింది. అలాంటప్పుడు తలుపు వేసుకుని, దీపాలార్పి, ఎంబసీ ప్రకటన తప్ప గ్రూపుల్లో తిరిగే వీడియోలు చూడకుండా ఉండటమే పని. చేరిన వారంలోనే ఎంబసీలో పేరు నమోదు చేసుకుని ఉంటే ఆ కబురు నేరుగా అందుతుంది. తర్వాత నెల రోజులకూ నిద్రలో ఉలిక్కిపడుతుంటే అది భయపు గాయం, దానికి వైద్యం ఉంది.

రెండోది నీళ్లు. 2024 జూన్‌లో రష్యాలో వోల్ఖోవ్ నదిలో మన దేశపు వైద్య విద్యార్థులు నలుగురు మునిగిపోయారు. కళింగపట్నం, బారువ తీరాల పిల్లలకు ఈత వచ్చన్న ధైర్యం ఉంటుంది. వెచ్చని సముద్రంలో వచ్చిన ఈత అది. చల్లని నీళ్లలో దిగిన మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, నీళ్లు లోపలికి పోతాయి. పది నిమిషాల్లో చేతులు మాట వినవు. ఇస్సిక్‌కుల్ సరస్సుకు వెళ్లినా నడుం లోతు దాటొద్దు.

మనసు బాగా దెబ్బతిన్నదని ఎలా తెలుస్తుంది? పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టీ ఉంది, మార్కులు 0 నుంచి 27. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతన్నది చూడకుండా ఆ రోజే కలవాలి. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం ప్రపంచవ్యాప్తంగా వైద్య విద్యార్థుల్లో నూటికి 27 మందిలో డిప్రెషన్ లక్షణాలున్నాయి. అంటే పదిమంది ఉన్న గ్రూపులో ఇద్దరు ముగ్గురు. మీ అబ్బాయి ఒక్కడే బలహీనుడు కాడు.

అలాంటి రాత్రి గదిలోవాళ్లు చేయవలసింది: ఒంటరిగా వదలకూడదు, నిద్రకు కూడా వంతులు వేసుకోవాలి. మాత్రలు, బ్లేళ్లు, డిసెక్షన్ కత్తులు గదిలోంచి తీసేయాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అంబులెన్సు నంబరు 103. తర్వాత కురాతర్‌కు, ఇంటికి, ఎంబసీకి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే ఆ ఒట్టు నిలబెట్టుకోవద్దు. ఇక్కడ తల్లిదండ్రులు ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేయొచ్చు. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు మందు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం వచ్చిందని, నెలకు బాగుందని మధ్యలో మానేస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి. సెలవులకు వచ్చేటప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు నెల రోజుల మందు, చీటీ చేతి సంచిలో ఉండాలి.

చదువు ఆపి ఇంటికి రావలసి వస్తే "మానేశాడు" అనుకోనక్కర్లేదు. అకాడెమిక్ సెలవు అని ఉంది. ఆస్పత్రి కాగితంతో దెకానత్‌లో, అంటే డీన్ ఆఫీసులో, అర్జీ పెట్టి, ఆర్డరు ప్రతి చేతికి వచ్చాకే విమానం ఎక్కాలి. వీసా ఏమవుతుందో అప్పుడే అడిగి తెలుసుకోవాలి. 2021 నవంబరు 18 తర్వాత చేరినవాళ్లకు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, అంతా ఒకే కాలేజీలో, చేరిన పదేళ్లలోపు. పదేళ్లున్నాయి కాబట్టి ఏడాది విశ్రాంతి తీసుకుంటే కొంప మునగదు. కానీ "ఇంకో దేశంలో కాలేజీకి మార్చేద్దాం" అని ఏజెంటు చెప్పే మాట వింటే ఆ డిగ్రీ ఇక్కడ చెల్లకుండా పోతుంది. దిగులుతో ఉన్న ఇంటికే ఆ మాట ఎక్కువగా చెబుతారు, జాగ్రత్త.

తిరిగొచ్చాక ఇంకో గడ్డుకాలం ఉంది. ఎఫ్‌ఎంజీఈ 300 ప్రశ్నలు, గట్టెక్కడానికి 150 మార్కులు, తప్పుకు మార్కులు కోత లేదు, ఏడాదికి రెండుసార్లు. ఈమధ్య ఏళ్లలో ఒక్కోసారికి నూటికి ఇరవై, ముప్పై మంది లోపే గట్టెక్కుతున్నారు. అంటే ప్రతిసారీ పోయేవాళ్లే ఎక్కువ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కనిపించిన ప్రతివాళ్లూ "డాక్టరు గారూ, ప్రాక్టీసు ఎక్కడ?" అని అడిగితే ఆ పిల్లవాడు ఇల్లు కదలడు. ఇంట్లో ఒక్కడే చదువుకునే బదులు ఇద్దరు ముగ్గురు కలిసి చదివే చోటు చూసుకోవాలి, సాయంత్రం ఒక గంట ఆటకు వెళ్లాలి. ఫలితం వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు సెలవు పెట్టి పక్కనుండాలి.

ఈ ఏడాది వెళ్లేవాళ్లు బయల్దేరేముందు ఒక పని చేయండి. పోస్టుకార్డులో సగమంత అట్ట తీసుకుని, రెండు వైపులా రాసి, లామినేషన్ చేయించి, పర్సులో పెట్టుకోండి. ఒకవైపు రష్యన్ లిపిలో పేరు, హాస్టల్ చిరునామా, బ్లడ్ గ్రూపు, పడని మందులు, సికిల్ సెల్ గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే ఆ మాట. చిరునామా చేరాక తెలుస్తుంది కాబట్టి దానికి చోటు వదిలి, అక్కడికి వెళ్లిన రోజే రాయించుకోవాలి. రెండోవైపు తెలుగులో: 103, కురాతర్ నంబరు, ఎంబసీ నంబరు, "మ్న్యే ప్లోహ, వీజవిత్యే స్కోరుయు" (నాకు బాగాలేదు, అంబులెన్సు పిలవండి). అన్నిటికంటే కింద, కాస్త పెద్ద అంకెల్లో, ముందు 91 చేర్చి అమ్మ ఫోను నంబరు.